హాబ్ మంట పసుపుగా వస్తోంది, కింద డ్రా మూస్తే ఆరిపోతోంది, ఏం చేయాలి?

నిజాంపేట నుంచి ప్రశ్న:
అందరికీ నమస్తే అండీ. కొత్త ఫ్లాట్‌లోకి వచ్చి రెండు నెలలైంది, మాడ్యులర్ కిచెన్ చేయించి గ్రానైట్ కట్ చేయించి మూడు బర్నర్ల హాబ్, అంటే గట్టులోకి దించి బిగించే గ్యాస్ స్టవ్, పెట్టించాం, పైన చిమ్నీ. మంట వెలిగించగానే నీలంగానే ఉంటది కానీ కాసేపు వండేసరికి కొసలు పసుపు తిరుగుతున్నాయి, గిన్నెల అడుగంతా మసి. దానికంటే భయపెట్టింది ఇంకోటి. మొన్న అత్తయ్య చిన్న బర్నర్ మీద పాలు సిమ్‌లో పెట్టి పూజకి కూర్చున్నారు, నేను కింద గరిటెల డ్రా మూసేసి హాల్లోకి వెళ్లా, కాసేపటికి గ్యాస్ వాసన. పరిగెత్తుకొచ్చి చూస్తే మంట లేదు, నాబ్ మాత్రం తెరిచే ఉంది. మళ్లీ వెలిగించి డ్రా గట్టిగా మూసి చూశాం, మళ్లీ ఆరింది. గ్యాస్ బండ పక్క కప్‌బోర్డ్‌లోనే ఉంది, షటర్ ఎప్పుడూ వేసే ఉంటది. సర్వీస్ అతను వచ్చి హాబ్‌లో ఏం లేదు మేడం అని వెళ్లిపోయాడు. చిన్నపిల్ల ఉన్న ఇల్లు, దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

వరంగల్ నుంచి:
బర్నర్‌కి గ్యాస్ వదిలే సన్న కన్నం ఉంటది కదా, ఆ జెట్‌లో దుమ్ము పట్టి ఉంటది అక్కా, పిన్నీసుతో పొడిస్తే క్లియర్ అయితది. హాబ్ చుట్టూ సిలికాన్ కొట్టించండి, గాలి రాకుండ ఉంటది.

విజయవాడ నుంచి:
తమ్ముడూ ఏమనుకోవద్దు, ఆ రెండూ చేయనివ్వకండి. జెట్ కన్నం చాలా సన్నది, పిన్నీసు దూరిస్తే కొంచెం పెద్దదైనా గ్యాస్ ఎక్కువొచ్చి పసుపు ఇంకా పెరుగుద్ది, ఆ తర్వాత జెట్ మార్చడం తప్ప దారి లేదు. సిలికాన్ వేస్తే రేపు రిపేరుకి హాబ్ పైకి లేపాలంటే గ్లాసు పగులుద్ది, కంపెనీ బాక్సులో గాస్కెట్ పట్టీ ఇస్తారు, అదే అంటించాలి.

అమ్మా, నేను పద్నాలుగేళ్లుగా హాబ్‌లు చిమ్నీలు బిగిస్తున్నా, మీరు చెప్పింది వినగానే అర్థమైంది, మీ హాబ్‌కి ఊపిరాడట్లేదు. మామూలు స్టవ్ అయితే గట్టు మీద కాళ్ల మీద నిలబడుద్ది, చుట్టూ గాలే. హాబ్ పొట్ట కప్‌బోర్డ్‌లో ఉంటది కదా, చాలా మోడల్స్‌లో జెట్ దగ్గర గ్యాస్‌తో కలవాల్సిన గాలిని ఆ కిందనుంచే లాక్కుంటది. కార్పెంటర్ ఏమో బొద్దింక దూరకుండా నాలుగువైపులా ప్లైవుడ్ కొట్టేసి షటర్ టైట్‌గా పెడతాడు, గ్రానైట్ అతను కట్ చేసి వెళ్తాడు, హాబ్ అతను పెట్టి వెళ్తాడు, లోపలికి గాలి ఎటునుంచి వస్తుందని ముగ్గుర్లో ఒక్కడూ చూడడు. గాలి చాలకే పసుపు మంట, మసి. ఆ మసితో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది, దానికి రంగూ వాసనా లేదు, వంట చేసేటప్పుడు తలనొప్పి వస్తుంటే తేలిగ్గా తీసుకోవద్దు. డ్రా మూసినప్పుడు లోపలి గాలికి పోయే దారి లేక బర్నర్ గొట్టాల్లోంచే పైకి తన్నుతుంది, సిమ్ మంట ఆ దెబ్బకి ఆరుద్ది.

చేయాల్సింది ఏంటంటే హాబ్ కింద కప్‌బోర్డ్‌కి వెనకవైపో పక్కనో గాలి ఆడేలా జాలీ పెట్టించండి, ఎంత ఖాళీ కావాలో మీ హాబ్ మాన్యువల్‌లో బొమ్మేసి ఉంటది, కార్పెంటర్‌కి ఫోన్లో చెప్పకుండా ఆ పేజీ చేతికివ్వండి. హాబ్ అడుగుకీ డ్రాకీ మధ్య విడిగా ఒక పలక కూడా ఉండాలి, లేకపోతే గరిటె కాడ ట్యూబ్‌కి తగులుద్ది. ఇంకోటి, వెలిగించేటప్పుడు నాబ్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలా? బర్నర్ పక్కన స్పార్క్ పుల్ల కాకుండా ఇంకో చిన్న పుల్ల ఉందా? ఉంటే అది ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైజ్, మంట ఆరితే కాసేపట్లో గ్యాస్ దానంతటదే కట్టేస్తుంది. మీకు వాసనొచ్చిందంటే లేదనే అనుకుంటున్నా. కొత్తగా కొనేవాళ్లు గ్లాసు డిజైన్ చూడకముందు అది ఉందా అని అడగండి.

నిజాంపేట నుంచి:
నొక్కి పట్టుకునే పనే లేదండీ, తిప్పగానే వెలుగుతుంది. పుల్ల కూడా ఒక్కటే. బండ కప్‌బోర్డ్‌లో ఉండొచ్చా? మా ఆయన ట్యూబ్ కొలిచారు, రెండు మీటర్ల దాకా ఉంది, మధ్యలో ప్లైవుడ్ కన్నంలోంచి దూర్చారు.

విజయవాడ నుంచి:
జాలీ పెట్టేదాకా సిమ్‌లో పెట్టి పక్కకి వెళ్లకండమ్మా, మంట మీద ఏదైనా ఉండగా ఆ డ్రా ముట్టుకోకండి, కిటికీ తెరిచే వండండి. ట్యూబ్ ముందు మార్పించండి. ఒకటిన్నర మీటరుకి మించకూడదు, ఐఎస్ఐ గుర్తున్న సురక్షా ట్యూబే, దాని మీద అచ్చేసిన సంవత్సరం నుంచి ఐదేళ్లకి మార్చేయాలి, అతుకులు ఉండకూడదు, చెక్క అంచు కోసుకుపోయేలా కన్నంలోంచి లాగకూడదు, కంటికి కనపడేలా ఉండాలి. దూరం ఎక్కువుంటే కాపర్ పైపు వేయించి హాబ్ దగ్గర చెయ్యి అందేచోట వాల్వ్ పెట్టించుకోండి.

ఇక బండ. ఎల్పీజీ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, లీకైతే పైకి పోదు, నీళ్లలాగా నేలకి దిగి మూలల్లో నిలబడుద్ది. మూసిన కప్‌బోర్డ్‌లో అయితే 14.2 కిలోల బండ లీకైనా మీ ముక్కుకి తెలిసేసరికి లోపల నిండిపోయి ఉంటది. యుటిలిటీ బాల్కనీ ఉంటే అక్కడికి మార్చండి, నిలువుగా, డ్రైనేజీ కన్నం పక్కన కాకుండా. కుదరకపోతే షటర్ అడుగున, నేలకి ఆనుకుని జాలీ తప్పనిసరి, పైన కూడా ఒకటి. పైన ఒక్కటే పెట్టి సరిపోయిందనుకోవద్దు.

వాసనొస్తే స్విచ్ వేయొద్దు, ఆపొద్దు, చిమ్నీ, ఎగ్జాస్ట్ కూడా ముట్టుకోవద్దు. రెగ్యులేటర్ ఆపి తీసేసి బండకి మూత బిగించి, తలుపులు కిటికీలు తెరిచి, బయటికొచ్చాకే గ్యాస్ లీకు ఎమర్జెన్సీ నంబర్ 1906కి ఫోన్ చేయండి. లీకు చూడటానికి సబ్బు నురగ రాయండి, బుడగలు వస్తే లీకే, అగ్గిపుల్ల మాత్రం వద్దు.

కాకినాడ నుంచి:
పైపు గ్యాస్ వస్తుందని ఎదురుచూసేవాళ్లు కూడా గమనించండి, దానికి జెట్లు మార్పించాలి. అది గాలికంటే తేలిక, లీకైతే సీలింగ్ వైపు పోతుంది, కాబట్టి అక్కడ పైన జాలీ కావాలి. మేం మారినప్పుడు ఎవరూ చెప్పలేదు. మాకో డౌట్, చిమ్నీ ఉంటే కిటికీ తెరవక్కర్లేదంటారు, నిజమేనా అండీ?

విజయవాడ నుంచి:
కాదండీ. చిమ్నీ బయటికి తోసినంత గాలి లోపలికి రావాలి కదా. అన్నీ మూసేసి ఫుల్ స్పీడ్ పెడితే లాగడానికి గాలుండదు, మంట ఊగుతుంది. కిటికీ కొంచెం తీసి సందు దగ్గర టిష్యూ పేపర్ పట్టుకోండి, అది లోపలివైపుకి ఊగితే గాలి వస్తున్నట్టు. చిమ్నీ పొగని బయటికి తీసుకెళ్లే డక్ట్ పైపు ఆరంగుళాలైతే చివరిదాకా ఆరంగుళాలే ఉండాలి, గోడ దగ్గర నాలుగుకి తగ్గించొద్దు, వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది. హాబ్‌కీ చిమ్నీకీ మధ్య 65 నుంచి 75 సెంటీమీటర్లు. డక్ట్ లేని చిమ్నీ జిడ్డు, వాసన పట్టుకుంటుందేమో గానీ కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టుకోదు, అది తిరిగి ఇంట్లోకే వస్తుంది.

నిజాంపేట నుంచి, నాలుగు రోజుల తర్వాత:
అన్నయ్యా, కార్పెంటర్ మాన్యువల్ చూసి వెనక పలకలో జాలీ కోశాడు, డ్రా పైన పలక వేశాడు. బండ బాల్కనీకి మార్చాం, డీలర్ మనిషి వచ్చి కాపర్ పైపు, వాల్వ్ పెట్టి అన్ని జాయింట్లకి సబ్బు నురగ మా ముందే రాసి చూపించాడు. పొద్దున అత్తయ్య మళ్లీ పాలు సిమ్‌లో పెట్టారు, నేను పక్కనే నిలబడి డ్రా మూడుసార్లు గట్టిగా మూశా. మంట కొంచెం కదిలింది, ఆరలేదు, గిన్నె అడుగు కూడా తెల్లగానే ఉంది. మంట ఆరితే గ్యాస్ ఆపే మోడల్‌కి మార్చుకోవాలనుకుంటున్నాం, ఇదే గ్రానైట్ కటింగ్‌లో పట్టేది ఉంటుందా?

విజయవాడ నుంచి:
ఉంటుందమ్మా, కటింగ్ పొడవు వెడల్పు కొలిచి పెట్టండి, బయటి గ్లాసు సైజు కాదు, కన్నం సైజు.