సిందూరవర్ణా, సింధూరవర్ణా?

సీతమ్మధార: సంగీతం సర్టిఫికెట్ పరీక్షకు చదివే పిల్లల పుస్తకంలో మలహరి రాగంలోని గీతం ‘శ్రీ గణనాథ సింధూరవర్ణ’ అని ఉంది. పాత పుస్తకంలో ‘సిందూర’ అని చూసినట్టు లీలగా గుర్తు. ఒత్తు ఉందా, లేదా? పిల్లలకు ఏది రాయించాలి?

పద్యపిపాసి: లేదండీ. సంస్కృత నిఘంటువు అమరకోశంలో ‘సిందూరం నాగసంభవం’. నాగమంటే అక్కడ సీసం. దాని నుంచి పుట్టిన ఎర్రపొడి. ఒత్తు పెట్టి హ్రస్వం చేస్తే సింధురం, అంటే ఏనుగు. ‘సింధూరం’ ఈ రెండూ కలిసిపోయి వచ్చిన రూపం.

వీణమెట్టు: అయితే ఏనుగే ఎందుకు కాకూడదు? ఏనుగు రంగు కలవాడు. గణపతికి అతకదా?

పద్యపిపాసి: ‘కరుణాసాగర’ తర్వాత ‘కరివదన’ వస్తోంది కదా. రెండు మాటల తేడాలో మళ్ళీ ఏనుగును ఏ వాగ్గేయకారుడూ తేడు.

లాసన్స్ బే: తాళం చూస్తే తేలిపోతుంది. చతురశ్రజాతి రూపకం: ద్రుతం 2, లఘువు 4, ఆవర్తానికి, అంటే తాళం ఒక చుట్టుకు, 6 అక్షరాలు (తాళం లెక్కలు). రెండో ఆవర్తం ‘రి స | ద ప మ ప’. ‘సిం’ రిషభం మీద, ‘దూ’ షడ్జం మీద మొదలై ధైవతం దాకా సాగుతుంది. రెండక్షరాలు పట్టింది కనుక దీర్ఘమే. ఏనుగు పోయింది.

వీణమెట్టు: మాస్టారూ, ఆ లెక్క మొదటి ఆవర్తంలోనే నిలవదు. ‘మ ప | ద స స రి’. ‘శ్రీ’కి రెండు, తర్వాత గ, ణ, నా, థ ఒక్కొక్కటి. ‘నా’ దీర్ఘమే, దక్కింది ఒక్క అక్షరం. ధాతువుతో (స్వరంతో) మాతువును (సాహిత్యాన్ని) కొలవకూడదు.

లాసన్స్ బే: దీర్ఘం కుదించుకోవడం వేరు, హ్రస్వం సాగడం వేరు. ఈ పంక్తుల్లో సాగిన హ్రస్వాలు మాట చివరే ఉన్నాయి: ‘కరివదన’లో న, ‘లకుమికర’లో ర. మాట నడుమ సాగింది దీర్ఘమే. ఇంకో సంగతి, పుస్తకంలో ‘స స రి’ మీద తారస్థాయి చుక్కలు ఉన్నాయో లేదో చూడండి. అచ్చులో చుక్క రాలితే పిల్లలు ధైవతం నుంచి కింది షడ్జానికి దూకుతారు, మలహరి ఆరోహణే చెడుతుంది.

సీతమ్మధార: చుక్కలు లేవండీ! కానీ ఒత్తు సంగతి?

పద్యపిపాసి: ‘లకుమికర’ ఎత్తారు కనుక అడుగుతున్నా, అది ‘లకుమీకర’ కావద్దూ? లక్ష్మీకర అంటాం కదా.

వీణమెట్టు: ‘స రి | గ రి స ,’ లో ‘మి’కి గాంధారం ఒక్కటే. పైగా లకుమి కన్నడ తద్భవం, హ్రస్వాంతం. ఈ గీతం కట్టిన పురందరదాసులవారి భాష అది. తెలుగులో అయితే లచ్చి. అర్థానికి మన విశాఖ ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి పేరే చాలు.

లాసన్స్ బే: ధాతువుతో మాతువును కొలవకూడదని ఇప్పుడే అన్నారు!

పద్యపిపాసి: లచ్చి అనగానే ఆదిభట్ల నారాయణదాసుగారే మనసులో మెదులుతారు. 1919లో విజయనగరం సంగీత కళాశాల మొదలైనప్పుడు తొలి అధ్యక్షుడు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోనూ చెప్పారు, అచ్చతెలుగులోనూ చెప్పారు. తత్సమం ఎక్కడ బరువు, తద్భవం ఎక్కడ తేలిక అన్నది చెవికి పట్టాలంటే ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని పైకి చదవాలి. లయజ్ఞుడు కనుక ఆయన మాటకు తూకం తెలుసు.

వీణమెట్టు: తూకం నిజమే. కానీ తాళం దీర్ఘాన్ని పట్టిస్తుంది గానీ ఒత్తును పట్టించదు. తెలుగువాళ్ళ నోట సింధూరమే నిలిచింది, నిఘంటువు కోసం నోరు మార్చమంటే ఎలా?

పద్యపిపాసి: నోటికి వదిలేయండి, రాతలో ఒత్తు తీసేయండి. సీతమ్మధారగారూ, పుస్తకంలో తర్వాత వచ్చే ‘సిద్ధచారణ గణసేవిత’లో ‘చారణ’ అనే ఉందా, ‘చరణ’ అని వేశారా? సిద్ధులు, చారణులు సేవించేవాడని అర్థం. దీర్ఘం పోతే పాదాలైపోతాయి.

సీతమ్మధార: ‘చరణ’ అనే ఉందండీ.

లాసన్స్ బే: తాళం వేసి చూద్దాం, ఆ ఆవర్తం స్వరాలు ఇక్కడ పెట్టండి.