గాజు అతుకు చల్లారగానే పగులుతోంది, ఎవరైనా చెప్పండి

మాధవరం_మంట: సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి ఒంటిగంట. పెద్ద గాజు గొట్టానికి పక్క నుంచి చిన్న గొట్టం అతికిస్తున్నాను. మంటలో ఉన్నంతసేపూ అతుకు బ్రహ్మాండంగా ఉంటుంది. పక్కన పెట్టి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి టిక్ మంటుంది, చుట్టూ నెలవంకలా పగులు. నాలుగోది కూడా పోయింది. ఆక్సిజన్ సిలిండర్ అయిపోవస్తోంది. ఏం తప్పు చేస్తున్నాను?

ఊరకనే: ఏ గాజు?

బర్నర్_బాబాయ్: తమ్ముడూ, ముందు కళ్లకేం పెట్టుకున్నావ్? గాజు కాగితే సోడియం పసుపు వెలుగు లేస్తుంది, 589 నానోమీటర్లు. దాన్ని ఆపేది డిడిమియం అద్దాలే. నేను రెండేళ్లు ఎండ కళ్లజోడుతో లాగించాను. అతుకు లోపలిదాకా కరిగిందో లేదో అంతా అంచనానే. కళ్లు పోతే గాజు ఎందుకు?

మాధవరం_మంట: డిడిమియం ఉంది బాబాయ్. సమస్య అది కాదు. గాజు బోరోసిలే.

పీణ్య_పాతకాపు: బోరోసిల్ కంపెనీ పేరండీ. వేడిని తట్టుకునే ఈ ల్యాబ్ గాజును బోరోసిలికేట్ అనండి.

ఊరకనే: జిరాక్స్ అనడం లేదా?

పీణ్య_పాతకాపు: పేరు చూసి కొంటేనే ఈ తిప్పలు. పైరెక్స్ అనే గాజుసామాన్ల బ్రాండ్ 1915లో బోరోసిలికేట్‌గా వచ్చింది. అమెరికాలో ఆ పేరుతో అమ్మే వంటగిన్నెలు తర్వాత సోడాలైమ్, అంటే మామూలు సీసాల గాజు, అయ్యాయి. సరే, రెండు గొట్టాలూ ఒకచోట కొన్నవేనా?

మాధవరం_మంట: పెద్దది చెన్నై ప్యారీస్ కార్నర్‌లో ల్యాబ్ సామాన్ల షాపులో. చిన్నది ఇంట్లో పాత పెట్టెలో దొరికింది. చూడ్డానికి రెండూ ఒకటే కదా.

ఊరకనే: దొంగ దొరికాడు.

పీణ్య_పాతకాపు: ఇది మొదటే చెప్పాల్సిందండీ! డిగ్రీ వేడికి బోరోసిలికేట్ పది లక్షల్లో 3.3 వంతులు సాగుతుంది, సోడాలైమ్ సుమారు 9. చల్లారేటప్పుడు ఒకటి ఎక్కువ ముడుచుకుంటుంది, ఇంకోటి రాదు. పగలక ఏం చేస్తుంది? రెండు ముక్కలూ వంటనూనెలో ముంచండి. నూనె, బోరోసిలికేట్ రెండింటి వక్రీభవన గుణకమూ (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.47 దగ్గరే కాబట్టి బోరోసిలికేట్ ముక్క దాదాపు మాయమవుతుంది. సోడాలైమ్ 1.52, అంచు కనబడుతుంది.

బర్నర్_బాబాయ్: గాజు ఒకటే అయినా చల్లార్చడం తెలియకపోతే పగులుతుంది.

పీణ్య_పాతకాపు: చల్లార్చడం అంటే ఫ్యాన్ కింద పెడతారు. ఎనీలింగ్ అనండి. బోరోసిలికేట్‌ని 560 డిగ్రీల దగ్గర కాసేపు నిలబెట్టి, 500 దాటి దిగేదాకా నిదానంగా తేవాలి.

బర్నర్_బాబాయ్: కొలిమి లేనివాడు ఏం చేస్తాడు? ఆక్సిజన్ తగ్గించి, మసి పట్టే మెత్తటి మంటలో తిప్పుతూ దించాలి. మేమంతా అలాగే నేర్చుకున్నాం.

పీణ్య_పాతకాపు: చిన్నవాటికి సరే. గాజు లోపల ఒత్తిడి మిగిలిందేమో చూడాలంటే ఎల్‌సీడీ తెర తెల్లగా పెట్టి, పోలరైజ్డ్ కళ్లజోడును అది నల్లబడేదాకా తిప్పండి. మధ్యలో ముక్క పెడితే ఒత్తిడి ఉన్నచోట వెలుగు తేలుతుంది.

మాధవరం_మంట: చిన్నది నూనెలో శుభ్రంగా కనబడుతోంది. థ్యాంక్స్. అమ్మ లేచింది, నూనె గిన్నెలో గాజు ఏంటని అడుగుతోంది.

బర్నర్_బాబాయ్: ఆ డిడిమియం ఎక్కడ కొన్నావ్, ఎంతయింది?