లైపోసక్షన్‌కి ముందు సర్జన్‌ని ఇంకా ఏం అడగాలి?

నమస్తే అండి. పొట్ట, నడుము పక్కల కొవ్వు తీయించుకోవాలనుకుంటున్నాను. ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదనీ, చర్మం కింది కొవ్వే పోతుంది తప్ప పేగుల చుట్టూ పేరుకున్నది పోదనీ తెలుసు. కాబట్టి జిమ్‌కి వెళ్ళమనే సలహాలు వద్దు, ప్లీజ్. వెళ్తూనే ఉన్నాను.

అసలు టెన్షన్ మత్తు గురించి. సెలైన్‌లో లిడోకెయిన్ (ఆ చోట మొద్దుబారేలా చేసే మందు), ఎపినెఫ్రిన్ (రక్తనాళాలను బిగించి రక్తస్రావం తగ్గించే మందు) కలిపి చర్మం కిందికి ఎక్కించి, ఆ తర్వాత సన్నని గొట్టంతో కొవ్వు లాగేస్తారట. రెండు చోట్లా ఒకేసారి చేస్తే లిడోకెయిన్ మోతాదు మించి గుండెకు ఇబ్బంది కాదా? ఒకే విడతలో బయటికి లాగే కొవ్వు, ద్రవం కలిపి 5 లీటర్లు దాటితే రిస్క్ పెరుగుతుందని, ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉండాలని చదివాను. మీలో ఎవరైనా రెండు విడతలుగా చేయించుకున్నారా?

ఇంకొకటి. నేను రోజూ ఆస్పిరిన్ వేసుకుంటాను. ఆ మాట చెబితే సర్జన్ "అదేం పెద్ద విషయం కాదు" అని తేల్చేశారు. నాకది నచ్చలేదు. రక్తస్రావం పెరగొచ్చు కదా, అలాగని సొంతంగా ఆపేయడమూ మంచిది కాదు. ఆస్పిరిన్ రాసిన డాక్టర్‌ని ముందు కలుస్తాను. ఇలా మాట్లాడే సర్జన్‌ని మార్చేయమంటారా?

ప్రసవాల తర్వాత నా చర్మం కాస్త సాగింది. అలాంటివాళ్ళకి కొవ్వు తీశాక చర్మం వేలాడిందా, ఎగుడుదిగుడుగా కనిపించిందా? వారాల తరబడి వేసుకోవాల్సిన ఆ బిగుతు బెల్టుతో నిద్ర ఎలా పట్టింది? కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా మీకేం జాగ్రత్తలు చెప్పారు?

చేయించుకున్నవాళ్ళు, ఆలోచించి మానుకున్నవాళ్ళు కూడా రాయండి.