అమ్మ చనిపోయాక ఆవిడ ట్యాక్స్ రిటర్న్ ఎవరు వేయాలి? హాస్పిటల్ బిల్లులు క్లెయిమ్ అవుతాయా?

చంటి_సత్తెనపల్లి:
అందరికీ నమస్కారం. మా అమ్మ 2025 జనవరిలో చనిపోయింది, 71 ఏళ్లు, నా దగ్గరే ఉండేది. కొంచెం ఫ్యామిలీ పెన్షన్, ఎఫ్‌డీల వడ్డీ, అంతే ఆదాయం. హాస్పిటల్ గొడవలో 15హెచ్ (ట్యాక్స్ కట్ చేయొద్దని బ్యాంకుకిచ్చే ఫామ్) ఇవ్వడం కుదరలేదు, బ్యాంకువాళ్లు వడ్డీలోంచి ముందే టీడీఎస్ (ట్యాక్స్) కట్ చేసేశారు. కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉండేది, ఇన్సూరెన్స్ లేదు, ఖర్చంతా నేనూ తమ్ముడూ పెట్టుకున్నాం. మా ఆఫీసులో అడిగితే పేరెంటే లేనప్పుడు ఇంక క్లెయిమ్ ఏంటి అంటున్నారు. నిజమేనా అండి?

రమణ_ఖమ్మం:
అమ్మగారి గురించి విని చాలా బాధగా ఉంది చంటిగారూ. ఆఫీసు వాళ్లు చెప్పింది తప్పు. చనిపోయేలోపు 2024-25లో మీరు కట్టిన డబ్బులకి క్లెయిమ్ ఉంటుంది. కిడ్నీ ఫెయిల్యూర్ 80డీడీబీ (కొన్ని పెద్ద జబ్బుల ఖర్చుకి ఉన్న ఇన్‌కమ్ ట్యాక్స్ సెక్షన్) కిందకి వస్తుంది, సీనియర్ సిటిజన్ కాబట్టి మీ ఆదాయంలోంచి లక్ష దాకా తగ్గించుకోవచ్చు, కాకపోతే ఆవిడ ప్రధానంగా మీ మీదే ఆధారపడి ఉండాలి, నెఫ్రాలజిస్ట్ రాసిచ్చిన ప్రిస్క్రిప్షన్ ఉండాలి. ఇన్సూరెన్స్ లేదు కాబట్టి 80డీ అనే ఇంకో సెక్షన్ కింద వైద్యం ఖర్చు 50,000 దాకా కూడా ఉంటుంది, దీనికి డిపెండెంట్ అవ్వాలనే రూల్ లేదు, కాబట్టి మీ తమ్ముడు తను కట్టిన బిల్లులు ఇందులో పెట్టుకోవచ్చు. నగదు ఇచ్చినవి మాత్రం 80డీలో పనికిరావు. ఒకే బిల్లు రెండు చోట్లా పెట్టకండి. ఇవన్నీ పాత రెజీమ్‌లోనే (పాత పన్ను విధానం). ఆఫీసులో కొత్త రెజీమ్ పెట్టేసినా ఉత్తి జీతం వాళ్లయితే గడువులోపు రిటర్న్ వేసేటప్పుడు పాతదానికి మారొచ్చు, రెండూ లెక్కేసి చూస్కోండి.

లలిత_కాకినాడ:
అమ్మగారి రిటర్న్ సంగతి నేను చెప్తాను, నాన్నగారిది నేనే వేశాను. ఆవిడ లాగిన్‌తో వేయకండి. ఇన్‌కమ్ ట్యాక్స్ ఈ-ఫైలింగ్ సైట్‌లో మీ లాగిన్‌లోకెళ్తే ఆథరైజ్డ్ పార్ట్‌నర్స్ అని ఉంటుంది, అందులో రిప్రజెంటేటివ్ అసెస్సీగా (అంటే ఆవిడ తరఫున రిటర్న్ వేసేవాళ్లుగా) రిజిస్టర్ అవ్వండి, కేటగిరీలో డిసీజ్డ్ లీగల్ హెయిర్ (చనిపోయినవాళ్ల వారసులు) అని ఉంటుంది. ఆవిడ పాన్, డెత్ సర్టిఫికెట్, వారసులని చూపే కాగితం అప్‌లోడ్ చేయాలి. మేం మీసేవలో అప్లై చేస్తే తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ వచ్చింది, అది పెట్టాను, ఒప్పుకున్నారు. ఏప్రిల్ 1 నుంచి ఆవిడ పోయిన రోజు దాకా వచ్చిన ఆదాయం మాత్రమే ఆవిడ రిటర్న్‌లో చూపించాలి, కానీ మినహాయింపు పరిమితి సంవత్సరానికి పూర్తిగా ఇస్తారు, నెలల లెక్కన తగ్గించరు. పాత రెజీమ్‌లో 60 నుంచి 80 లోపు వాళ్లకి 3 లక్షలు, ఆదాయం అంతలోపే ఉంటే కట్ అయిన టీడీఎస్ మొత్తం రీఫండ్ వస్తుంది, అది మీ అకౌంట్‌కే పడుతుంది.

చంటి_సత్తెనపల్లి:
చాలా థాంక్స్ మేడం. ఎఫ్‌డీలు ఇంకా అమ్మ పేరు మీదే ఉన్నాయి, ఫిబ్రవరి మార్చి వడ్డీకి కూడా అమ్మ పాన్ మీదే టీడీఎస్ పడింది. ఇదెలా?

రమణ_ఖమ్మం:
ఆ వడ్డీ చట్టప్రకారం వారసులది బ్రదర్, అమ్మగారిది కాదు. బ్యాంకుకి డెత్ సర్టిఫికెట్, మీ ఇద్దరి పాన్ ఇచ్చి, చనిపోయిన తేదీ తర్వాతి వడ్డీ మా పేరు మీద చూపించండి అని లెటర్ రాసివ్వండి, టీడీఎస్ స్టేట్‌మెంట్ సరిచేయమని అడగండి. ఎఫ్‌డీలు మీకు రావడం మీద ట్యాక్స్ లేదు, వారసత్వ పన్ను మన దేశంలో 1985లోనే ఎత్తేశారు. ఇంకోటి, అమ్మగారి పాత బకాయి ఏదైనా ఉన్నా మీరు ఆవిడ నుంచి వచ్చిన ఆస్తి మేరకే కట్టాలి, మీ జేబులోంచి కాదు.

శిరీష_డల్లాస్:
అమెరికాలో ఉండే మాలాంటి వాళ్ల కోసం ఒక మాట. ఇండియాలో ఉంటున్న అమ్మానాన్నల్ని, ఎంత డబ్బు పంపినా సరే, ఇక్కడి రిటర్న్‌లో డిపెండెంట్‌గా చూపించలేం. గ్రీన్ కార్డ్ మీద మన దగ్గరే ఉండి ఏడాది మధ్యలో పోతే మిగతా షరతులు కలిస్తే ఆ ఏడాదికి చూపించొచ్చు. వారసత్వంగా ఇండియా నుంచి లక్ష డాలర్లు దాటి వస్తే ట్యాక్స్ లేకపోయినా ఆ సంగతి ఇక్కడి ట్యాక్స్ వాళ్లకి తెలియజేసే ఫామ్ 3520 తప్పనిసరి, వేయకపోతే పెనాల్టీ చాలా గట్టిగా ఉంటుంది. మా కజిన్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

లలిత_కాకినాడ:
చంటిగారూ, పాన్ సరెండర్ చేయడానికి తొందరపడకండి. రీఫండ్ పడి, ఎఫ్‌డీల పని తేలాకే చేయండి. డయాలసిస్ సెంటర్ నుంచి ఏడాది మొత్తానికి పేమెంట్ స్టేట్‌మెంట్ ఇప్పుడే అడిగి తీసుకోండి, తర్వాత వెళ్తే పాత రికార్డులంటూ తిప్పుతారు.