డయాలసిస్ వాళ్లకి రాత్రిపూట దురద: మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు?

కవిటి కోడలు:
మా మావయ్యగారికి ఏడు నెలలుగా డయాలసిస్. వారానికి మూడు రోజులు పలాస తీసుకెళ్తున్నాం. దానికి అలవాటు పడ్డాం గానీ ఈ దురదతో వేగలేకపోతున్నాం. రాత్రి పదయ్యేసరికి వీపు, కాళ్లు గోక్కోవడం మొదలు. దువ్వెన, విసనకర్ర కాడ, ఏది దొరికితే దాంతో. తెల్లారి చూస్తే దుప్పటి మీద నెత్తుటి మరకలు. పక్కింటివాళ్లు గజ్జి అనుకుని పిల్లల్ని మా అరుగు మీదకి రానివ్వడం లేదు. మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తే రెండు రోజులు తగ్గి మళ్లీ వచ్చింది, పైగా తొడల దగ్గర గుండ్రంగా ఎర్రటి మచ్చలు. డాక్టరుగారికి చెప్పండి మావయ్యా అంటే, "ఏటమ్మా, కిడ్నీలు పోయినోడు దురదని సెప్పుకుంటాడేటి" అని నన్నే కసురుతారు. మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా ఉందా?

సోంపేట అబ్బాయి:
ఉందా అని అడుగుతున్నారా అక్కా! మా అమ్మకి రెండేళ్లు ఇదే గోల. అప్పటికి పలాస కిడ్నీ ఆసుపత్రి ఇంకా లేదు, అది 2023 డిసెంబరులో కదా తెరిచారు. కారు మాట్లాడుకుని విశాఖ వెళ్లేవాళ్లం, దారంతా అమ్మ సీటుకి వీపు రుద్దుకుంటూనే ఉండేది. ముందు ఆ ఆయింట్‌మెంట్ ఆపండి. అందులో స్టెరాయిడ్ ఉంటే తామర మీద రాసినప్పుడు పైకి తగ్గినట్టుంటుంది, లోపల పాకుతుంది. ఆ గుండ్రటి మచ్చలు చర్మం డాక్టరుకి చూపించండి, ట్యూబు కూడా చేతిలో పట్టుకెళ్లండి.

మేం చేసింది చెప్తాను. వేణ్ణీళ్లు మానేసి గోరువెచ్చటి నీళ్లు, అదీ పది నిమిషాల లోపే. సబ్బు చంకలకీ గజ్జలకీ, ఫిస్టులా చేతికీ (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చెయ్యి) మాత్రమే. నలుగు పూర్తిగా బంద్. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒళ్లు తడి ఆరకముందే కొబ్బరినూనె. ఆరిపోయాక రాస్తే నూనె పైపైనే ఉంటుంది, ఆ తేడా మాకు నెల తర్వాత గానీ తెలియలేదు. పడుకునే ముందు ఇంకోసారి వ్యాజిలైన్. గోళ్లు వారానికి రెండుసార్లు నేనే తీసేవాణ్ణి.

బొబ్బిలి పెద్దాయన:
వేపాకు మరిగించి స్నానం చేయించండమ్మా. మా తాతల నాటి నుంచీ అదే మందు.

సోంపేట అబ్బాయి:
పెద్దాయనా, మేమూ చేశాం. గోకిన పుళ్ల మీద పడి అమ్మ కేకలేసింది, ఒళ్లు ఇంకా పొడిబారింది. పసుపు ముద్ద కూడా అంతే.

మెషీన్ దగ్గర మనిషి:
డయాలసిస్ టెక్నీషియన్‌ని, డాక్టర్ని కాను. నిజం చెప్పాలంటే మాలో చాలామంది దురద గురించి అడగం, వాళ్లూ చెప్పరు. ఒంట్లో మలినాలు నిలవడం, ఫాస్ఫరస్ పెరగడం, చెమట తగ్గి చర్మం ఎండిపోవడం, ఇలా కారణాలు కలిసి ఉంటాయి. కవిటి అమ్మా, మీ రిపోర్టులో ఫాస్ఫరస్ ఎంతుందో చూడండి. మామూలుగా 5.5 దాటకుండా చూస్తారు. దానికిచ్చే మాత్రలు అన్నంతో పాటే వేసుకోవాలి. తిండిలోని ఫాస్ఫరస్‌ని ఒంటికి ఎక్కకుండా పట్టుకోవడమే వాటి పని, తిన్న రెండు గంటలకి వేసుకుంటే ఆ మాత్ర దేన్ని పట్టుకుంటుంది? ఇంకోటి, బస్సు పోతుందని మూడు గంటలకే సూదులు తీయించుకుని లేచిపోయేవాళ్లున్నారు. నాలుగు గంటలు రాస్తే నాలుగూ ఉండాలి.

అయినా తగ్గకపోతే డాక్టర్లు గాబాపెంటిన్ తక్కువ డోసులో ఇస్తారు. పక్క బెడ్డు ఆయన వేసుకుంటున్నాడని మీరు కొనేయకండి. కిడ్నీ పనిచెయ్యనివాళ్లకి అది ఒంట్లోనే నిలిచిపోయి మత్తుగా పడిపోతారు.

ఫిస్టులా చేతిని మాత్రం గోకనివ్వొద్దు. అక్కడ ఎర్రబడినా, చీము పట్టినా, చలిజ్వరం వచ్చినా ఆ రోజే రావాలి. చెయ్యి పెడితే తెలిసే జుమ్మనే అదురు ఆగిపోతే అర్ధరాత్రయినా సరే. డయాలసిస్‌కి వచ్చే రోజు ఆ చేతికి నూనె, క్రీము రాయకండి, ప్లాస్టర్ నిలవదు.

జీడి పిక్కల లక్ష్మి:
కిడ్నీ సంగతి నాకు తెలీదు గానీ, పలాసలో జీడిపప్పు ఒలిచే పని నాది. పిక్క తొక్కలో నూనె తగిలి వేళ్లు నల్లబడి పొట్టు లేస్తాయి. పనికి ముందు ఆముదం రాసుకుంటాం. గ్లవ్స్ వేసుకుంటే పప్పు చితికిపోతుంది, చితికితే కూలి తగ్గుతుంది. మా చేతులు చూసి కూడా అంటురోగం అంటారు, మీరు బెంగపడకండి.

మెషీన్ దగ్గర మనిషి:
గజ్జి కాదని కూడా తేల్చుకోండి. వేళ్ల సందుల్లో, బొడ్డు చుట్టూ పొక్కులుండి ఇంట్లో మిగతావాళ్లూ గోక్కుంటుంటే అది గజ్జే, ఇంటిల్లిపాదీ మందు రాసుకోవాలి.

కవిటి కోడలు:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఇంట్లో ఇంకెవరికీ లేదు. చర్మం డాక్టరుగారు తొడల మీదవి తామరే అన్నారు, వేరే మందిచ్చారు. ఫాస్ఫరస్ 7.8. మాత్రలు రాత్రి పడుకునేముందు అన్నీ ఒకేసారి వేసేసుకుంటున్నారట! ఇప్పుడు కంచం పక్కనే పెడుతున్నాను. ఫాస్ఫరస్ పెరుగుతుందని ఎండుచేపలు మాన్పించాను, అక్కడే గొడవ, వారం నుంచి నాతో మాటల్లేవు. దురద పోలేదు గానీ మూడు, నాలుగు గంటలు నిద్రపోతున్నారు.

నిన్న తోటలో కొబ్బరి దింపు. చెట్టెక్కిన అబ్బాయి బొండం కొట్టి మావయ్యగారి చేతికిచ్చాడు.

మెషీన్ దగ్గర మనిషి:
తాగలేదు కదా? బొండం నీళ్లలో పొటాషియం ఎక్కువ, ఒంట్లో అది పెరిగిందంటే గుండెకే ముప్పు.

కవిటి కోడలు:
లేదండి. కాసేపు పట్టుకుని కూర్చుని, నువ్వు తాగమ్మా అని నాకిచ్చేశారు. వారం తర్వాత అదే మొదటి మాట.