నెల్లూరులో గవర్నమెంటు బాడుగ ఇళ్లు కట్టకూడదా, అన్నీ సొంతానికేనా?

ముత్తుకూరు రోడ్డు:
పోర్టు దగ్గర పని చేస్తా, ఉండేది వేదాయపాళెంలో, బాడుగ తొమ్మిది వేలు, ఇప్పుడు ఇంకో వెయ్యి పెంచమని ఓనరు ఒకటే గోల. మా ఇద్దరి జీతాలు కలిపితే ఏడాదికి 4 లక్షలు దాటుద్ది కాబట్టి టిడ్కో ఇంటికి (3 లక్షల లోపు ఆదాయం ఉన్నోళ్లకి సర్కారు కట్టిచ్చే ఫ్లాటు) మేం పనికిరాం, కొందామంటే డౌన్‌పేమెంటుకే దిక్కులేదు. ప్రభుత్వం కట్టేవన్నీ రాసిచ్చే ఇళ్లే ఎందుకబ్బా? బాడుగకి కట్టి, పేదోళ్లు, మాలాంటోళ్లు, బాగా సంపాయించేవాళ్లు అందరూ ఒకే బిల్డింగులో ఉండేటట్టు ఎక్కడైనా చేశారా? పార్టీల గొడవ వద్దు, దణ్ణం పెడతా.

కోవూరు కుర్రోడు:
అన్నా స్కీమ్ ఉంది. కరోనాలో వలస కూలీలు నడిచిపోయినాక 2020 జులైలో తెచ్చారు, ఖాళీగా పడున్న సర్కారు ఇళ్లని 25 ఏళ్లు బాడుగకి తిప్పుకోండి, లేకపోతే మీ స్థలంలో కొత్తవి కట్టండి అని. 2024 సెప్టెంబర్లో మొదలైన పీఎం ఆవాస్ అర్బన్ 2.0లో (టౌన్లలో ఇళ్లకి సెంటరు స్కీమ్) కూడా పెట్టారు. కొత్త టెక్నాలజీతో కడితే చదరపు మీటరుకి సెంటరు 3,000, స్టేటు 2,000 ఇస్తాయి. అంటే 30 చదరపు మీటర్ల ఇంటికి, మన 300 చదరపు అడుగుల టిడ్కో ఇంటికంటే కాస్త పెద్దది, లక్షన్నర వస్తది. మీ ఇద్దరి జీతం 3 నుంచి 6 లక్షల మధ్య కాబట్టి ఎల్ఐజీ, అంటే తక్కువ ఆదాయం వాళ్ల కిందకొస్తావు. కానీ లక్షన్నరకి ఇల్లు లేస్తదా? స్థలం, మిగతా డబ్బు కట్టేవాడే తెచ్చుకోవాల, అంత తక్కువ బాడుగకి ఏ బిల్డరొస్తాడు చెప్పు.

మూడో ఫ్లోరు:
మాది 365 అడుగుల టిడ్కో ఇల్లు. 300, 365, 430 అని సైజులు మూడున్నా మూడింట్లోనూ 3 లక్షల లోపు ఆదాయం వాళ్లే. నీళ్ల మోటారు కాలితే తలా మూడొందలు వేసుకుందాం అన్నాం, సగం మంది ఇచ్చారు, పాచిపని చేసుకునే ముసలామెని ఎన్నిసార్లని అడుగుతాం, సిగ్గుగా ఉంటది. అదే బ్లాకులో ఓ పదిమంది నిండు బాడుగ కట్టేవాళ్లుంటే ఆ డబ్బుతోనే మోటారు బాగుపడేది గదా. ఇంకో మాట, మా పైన ఇద్దరు ఇల్లు వేరేవాళ్లకి బాడుగకిచ్చి పాత వీధికే పోయారు, పని ఆడుంది, ఆటోకే రోజూ వంద పోతుంటే ఎవరుంటారు. ఊరి మధ్యలో కట్టాల, ఊరవతల కడితే ఎన్ని కట్టినా ఇంతే.

బుచ్చి బాబాయ్:
మా బావమరిది అమెరికాలో మేరీల్యాండ్‌లో ఉంటాడు, మాంట్‌గొమెరీ కౌంటీలో. ఆడ 2021లో ప్రభుత్వమే ఓ నిధి పెట్టింది, ముందు 5 కోట్ల డాలర్లు, తర్వాత 10 కోట్లకి పెంచారు. కట్టేటప్పుడు అందులోంచి తక్కువ వడ్డీకి అప్పు, బిల్డింగు నిండినాక బ్యాంకు లోను తీసుకుని ఆ డబ్బు వెనక్కి కట్టేస్తారు, అది ఇంకో బిల్డింగుకి పోద్ది. మన చీటీ పాట మాదిరి తిరగతా ఉంటది. మొదటిది 2023లో తెరిచారు, 268 ఇళ్లు, అందులో వందకి 30 తక్కువ బాడుగవి, మిగతావి మార్కెట్ రేటు. ఇక్కడ సబ్సిడీ ఒకసారి ఇస్తే పోయినట్టే. ఇంకోటి, సర్కారు బిల్డింగైతే 'మీదే కులం, నీసు తింటారా' అని అడిగే ఓనరుండడు, మా అల్లుడు ఆ మాటకే నాలుగిళ్లు తిరిగాడు.

ఒంగోలు కర్నూల్ రోడ్డు:
బాబాయ్, చీటీ పాట బాగానే ఉంది గానీ ఎలక్షన్ వస్తే ఏం చేస్తావు? పదేళ్లున్నాం మాకే రాసివ్వండి అంటారు, ఎవరో ఒకరు రాసిస్తామని మేనిఫెస్టోలో పెడతారు, ఆ తర్వాత నీ నిధి ఎక్కడ తిరుగుద్ది. ముందు అమ్మకూడదు, రాసివ్వకూడదు అని చట్టం చెయ్యమను.

ముత్తుకూరు రోడ్డు:
ఆ పాయింటు నాకు తట్టలేదు. సొంతమైపోద్దంటే నేనూ ఓటేస్తానేమో, అబద్ధం ఎందుకు. మూడో ఫ్లోరు అన్నా, ఆ ఖాళీ చేసిన ఇల్లు బాడుగ ఎంతంట?