మైనస్ 5కి మార్కులు పోయాయి, ఎవరైనా చెప్పండి

బ్యాక్‌లాగ్_బాబు: మిడ్‌లో -5ని 8 బిట్లలో రాయమన్నారు. 5 రాసి ముందు 1 పెట్టా, 10000101. సున్నా వేశారు. మొదటి బిట్ మైనస్ గుర్తే కదా? ఇంకోటి, సి భాషలో సైన్డ్ చార్ (మైనస్‌లు కూడా పట్టే 8 బిట్ల టైపు) కింద -128 దాకా పోయి పైన 127 దగ్గరే ఎందుకు ఆగుతుంది?

సెమీకోలన్_సుబ్బు: 5 అంటే 00000101. బిట్లన్నీ తిప్పితే 11111010. ఒకటి కలిపితే 11111011. అదీ -5, ఈ పద్ధతినే టూస్ కాంప్లిమెంట్ అంటారు. మొదటి బిట్ ఉత్త గుర్తు కాదు, దాని విలువే -128. అందుకే నువ్వు రాసింది -128+5, అంటే -123.

బోర్డు_శ్రీను: చార్ అన్నారు కాబట్టి చెప్తున్నా. ఇంటెల్ పీసీ మీద చక్కగా నడిచిన కోడ్ మా ఏఆర్‌ఎం బోర్డు మీద ఆగనే లేదు. ఫైల్ చివర వచ్చే -1ని చార్‌లో దాచుకున్నా. అక్కడి కంపైలర్‌కి చార్ అంటే అన్‌సైన్డ్, మైనస్‌లే ఉండవు. -1 కాస్తా 255 అయింది, ఇక లూప్ ఎందుకాగుతుంది? రెండు రాత్రులు పోయాయి. చార్‌లో కాదు, ఇంకా పెద్దదైన ఇంట్‌లో తీసుకోండి నాయనా.

సి_మాస్టారు: పాత కంపైలర్ టర్బో సిలో ఇంట్ 16 బిట్లే, 40000ని పర్సెంట్ డి తో (సైన్డ్ ఇంట్‌గా) ప్రింట్ చేస్తే -25536 వచ్చేది. మాకు అలా అర్థమైంది. ఇప్పటి పిల్లలు చేత్తో వేసి చూడరు.

జీసీసీ_గిరి: ఇంకా టర్బో సి ఏంటండీ బాబూ!

సి_మాస్టారు: 20 ఏళ్లు సి చెప్పాను. సిలో టూస్ కాంప్లిమెంట్ తప్ప ఇంకోటి లేదు.

జీసీసీ_గిరి: తప్పు. సి99, అంటే 1999 నాటి సి ప్రమాణం, మైనస్‌లు రాసే మూడు పద్ధతుల్ని ఒప్పుకుంది. ఇదొక్కటే అని తేల్చింది సి23. బాబు రాసింది సైన్ మాగ్నిట్యూడ్ (ముందు గుర్తు, తర్వాత అంకె), ఆ మూడింట్లో ఒకటి.

సి_మాస్టారు: అలాంటి మెషీన్ కళ్లతో చూశావా?

జీసీసీ_గిరి: పాతకాలం కంప్యూటర్ యూనివాక్ 1100ది వన్స్ కాంప్లిమెంటే, బిట్లు తిప్పి ఒకటి కలపకుండా వదిలేయడం. చూడలేదు, చదివాను.

సి_మాస్టారు: చదివావులే.

జీసీసీ_గిరి: మీరు అదీ చదవలేదుగా.

లూప్_లలిత: మీ గొడవ తర్వాత. అన్‌సైన్డ్ కౌంటర్ పెట్టి "సున్నా కంటే తక్కువయ్యేదాకా" అని లూప్ రాశా. అదెప్పుడవుతుంది? 32 బిట్లలో సున్నాలోంచి ఒకటి తీస్తే 4294967295. ఎక్స్‌ట్రా వార్నింగులు ఆన్ చేసుకుంటే జీసీసీ కంపైలర్ ముందే చెప్పేది.

బ్యాక్‌లాగ్_బాబు: 128 సంగతి ఎవరూ చెప్పలేదు.

సెమీకోలన్_సుబ్బు: మొత్తం 256 చోట్లు. మైనస్‌లకి సగం. మిగతా సగంలో ఒకటి సున్నా తినేసింది. ఇక 127కే చోటు.

బ్యాక్‌లాగ్_బాబు: థాంక్స్ అన్నా. గిరి గారూ, ఆ సి99 మాట చూపించి రీవాల్యుయేషన్ అడగొచ్చా?

లూప్_లలిత: మిడ్‌కి రీవాల్యుయేషన్ ఎక్కడిది తమ్ముడూ.